గుహకు కాపలా పైనున్న నేలపైనే

స్లొవేనియాలోని ష్కోత్సియాన్ గుహలకు వెళ్లే పర్యాటకుల కళ్లన్నీ కప్పు నుంచి వేలాడే రాతి రూపాలపైనా, లోతైన భూగర్భ లోయలో హోరెత్తే రేకా నదిపైనా ఉంటాయి. 1986లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన చోటు కదా, ఆ ఆకర్షణ సహజమే. కానీ గుహ కథ మొదలయ్యేది పైనున్న క్రాస్ పీఠభూమిలో. ఇలాంటి సున్నపురాతి ప్రాంతాలన్నింటికీ వాడే ‘కార్స్ట్’ అనే మాట ఆ పేరు నుంచే పుట్టింది.

వాన నీరు మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని బలహీన ఆమ్లంగా మారుతుంది. సున్నపురాయిని కరిగిస్తూ పగుళ్ల గుండా కిందికి దిగుతుంది. గుహలో ఆ వాయువు విడిపోగానే, నీటిలో కరిగినది కాల్సైట్‌గా పేరుకుంటుంది.

గుహను మలిచిన ఈ దారే కాలుష్యానికీ దారి. పగుళ్లలో నీరు వేగంగా పారుతుంది, ఇసుక పొరల్లోలా వడకట్టుకోదు. ష్కోత్సియాన్ దగ్గర భూమిలోకి దిగిన రేకా, 30 కిలోమీటర్లకు పైగా కంటికి కనిపించకుండా సాగి, ఇటలీలో తిమావో ఊటలుగా బయటపడుతుంది. గత శతాబ్దంలో ఎగువనున్న కర్మాగారాల వ్యర్థాలు ఈ నదిలోకే చేరాయి.

కాబట్టి గుహలో మెట్లు, దీపాలు బాగుచేస్తే సరిపోదు. పైన మురుగునూ, చెత్తనూ, క్వారీలనూ అదుపు చేయాలి. మన బొర్రా, బెలుం గుహలకూ ఇదే వర్తిస్తుంది. రక్షణ హద్దును గీయాల్సింది గుహ ద్వారం దగ్గర కాదు, దానికి నీరు చేరవేసే నేల అంచున.