విపణి సౌధములు - వీథి అంగళ్లు

మౌలాలి, తార్నాక ప్రాంతముల గృహస్థులు ఆదివారము నాడు సకుటుంబముగ మెట్రో రైలెక్కి నగరపు పడమటి కొననున్న మహావిపణులకు, జనులు మాల్ అని పిలుచు అంగడి సౌధములకు, పోవుట యిప్పుడు పరిపాటి యైనది. 2017 లో తార్నాక మీదుగ నడువ నారంభించిన యీ రైలు 2019 నవంబరులో రాయదుర్గము చేరుటతో ఆ ప్రయాణము సులభమైనది. ఇటీవల మేమును అట్టి సౌధ మొకదానిని చూచి వచ్చితిమి.

చలువరాతి నేల, చల్లని గాలి, తమంత తాము కదలు మెట్లు, అంతస్తు లంతస్తులుగ విదేశ నామాంకితములైన దుకాణములు - వీనిని వర్ణించుట మా యుద్దేశము కాదు. వచ్చినవారిలో వట్టి చేతులతో తిరుగువారే యెక్కువగ కనబడిరి. పిల్లలు వాహన భయము లేక పరుగెత్తుచుండిరి. ముసలివారు కూర్చుండి సేద దీరుచుండిరి. శుభ్రమైన మరుగుదొడ్డికై వెదకులాడ నక్కరలేనందున స్త్రీలు నిశ్చింతగ ప్రొద్దు గడపుచుండిరి. వీరిని విలాసప్రియు లని పరిహసించు పెద్దలు కలరు. ఆ పరిహాసము మాకు రుచింపదు. మండు వేసవిలో రుసుము లేక కాలు మోపదగిన యిట్టి చోటు నగరమున మరెచ్చట నున్నదో ఆ పెద్దలే సెలవియ్యవలెను.

అంగడికి మన దేశమున జనసమ్మర్దమే శోభ. ఆసఫ్‌జాహీల కాలమున మౌలాలి గుట్ట ఉరుసుకు ప్రభువులును పామరులును, హిందువులును మహమ్మదీయులును కలసి వచ్చుచుండిరి. 1935 లో నిజాము ప్రభుత్వము రాతితో కట్టించిన మొజంజాహి మార్కెట్టు నేటికిని నిలిచియున్నది. ఆ ప్రభుత్వపు నిరంకుశత్వమును మేము మరచినవారము కాము. వందేమాతరము పాడినందులకు 1938 లో ఉస్మానియా విద్యార్థులు వెడలగొట్టబడినది ఆ యేలుబడిలోనే. అయినను, ప్రజలు పండ్లు కొనుచోట గట్టి కప్పును, నీడను, గడియార స్తంభమును అమర్చుట పాలకుల విధి యని అది గ్రహించినది. ప్రజాప్రభుత్వము అంతకంటె తక్కువ చేయుట మనకు తలవంపు గాదా?

ఇట్టి సౌధములకు మూలపురుషుడు విక్టర్ గ్రూయెన్ అను వాస్తుశిల్పి. హిట్లరు వియన్నా నాక్రమించిన 1938 లో అమెరికా చేరి, 1956 లో మినెసోటా రాష్ట్రపు ఎడైనాలో సౌత్‌డేల్ అను కప్పు గల విపణిని వెలయించెను. తాను విడిచివచ్చిన నగరపు కూడలి సందడిని శివారు జనులకు కూర్పవలెనని యాతని సంకల్పము. చుట్టును ఇండ్లు, బడులు, వైద్యశాలలు వెలయవలెనని కోరెను. వెలసినవి మోటారు బండ్లు నిలుపు మైదానములు! తుదకు ఆ సంతానమును తానే కాదనెను.

సౌధము యజమాని సొత్తు. ద్వారమున కావలివాడు ఎవరిని త్రిప్పి పంపునో లోపలనున్న మనకు తెలియదు. ఆ చల్లదనము వ్యాపారమే కాని దానము గాదు. అందు తప్పును లేదు. 2018 లో ప్రభుత్వము ఉత్తర్వు చేసి, విపణులలో మొదటి అరగంట బండి నిలుపుటకు రుసుము గొనరాదని శాసించినది. మంచిదే. బండి నడుపువానికి జరిగిన మేలు బండి తోయువానికి జరుగదేల? వీథి వర్తకుల జీవనోపాధి రక్షణకై 2014 లోనే పార్లమెంటు చట్టము చేసినది. పట్టణ విక్రయ సంఘములలో నూటికి నలువదికి తక్కువ గాకుండ వర్తక ప్రతినిధు లుండవలెనని, లెక్క తీసి ధ్రువపత్ర మిచ్చునంతవరకు ఎవ్వరిని తొలగింపరాదని అందు స్పష్టముగ నున్నది. తోపుడుబండిని లాఠీతో కదలించు ఉద్యోగి ఆ చట్టమును చదివినచో బాగుండును.

భూస్వాములైన మా పాఠకులకును ఒక మాట. శివారు భూమి కోట్లు పలుకునపుడు సంతకు స్థలము మిగులదు. ఇండ్ల స్థలములుగ విభజించునపుడు ఉద్యానమునకు నేల విడుచుట విధాయకమైనట్లే, సంతకును విడువవలెనని ప్రభుత్వము శాసింపవలెను. అంతవరకు ఉదారులు తామే విడువవచ్చును. తార్నాక మౌలాలి నడుమ ఒక్క వారపు సంతకైనను కప్పు, దీపము, త్రాగునీరు, స్త్రీలకు తాళము వేయని మరుగుదొడ్డి అమర్చి, రాబోవు వేసవికి ముందే నగరపాలక సంస్థవారు తెరచి చూపుదురా?