పెట్టెలో వచ్చు పరదేశపు రుచులు
చందా గట్టినచో జపాను మొదలగు దేశముల తినుబండారములను మాసమున కొక పెట్టె చొప్పున నింటికి బంపు వర్తకులు నేడు గలరు. ఈ వేడుకను మేము నిందింపము. మన మరిపెడ చేలయందు పండు మిరపయు నొకనాడు పరదేశియే. అమెరికా ఖండమున బుట్టి, 16వ శతాబ్దమున పోర్చుగీసువారి యోడలలో భారతదేశమునకు వచ్చినది. అంతకుముందు మన కూరలకు కారము మిరియములును పిప్పళ్లును. మిరపను పరదేశి యనిన నిప్పు డెవరు నమ్ముదురు?

అయినను పెట్టెలో వంటకము వచ్చును గాని వండినవారు రారు. పొరుగు తండా బాలుడు తెచ్చుకొన్న జొన్నరొట్టెను జూచి నవ్వు విద్యార్థి, జపాను బిస్కత్తును మెచ్చినంతమాత్రమున పరుల భోజనమును గౌరవింప నేర్చినవాడు కాడని మా యభిప్రాయము. ఆ రొట్టె నడిగినచో బాలుడే తుంచి యిచ్చును, చందా యక్కఱలేదు.