పట్టుకోవడానికి వేసిన దారి

కొండల్లో రోడ్డు ఎందుకు వేస్తారు? ఊళ్లను కలపడానికో, గనుల్లోంచి ఖనిజం దించుకోవడానికో, పైనున్న గుడికి భక్తులు వెళ్లడానికో. ఐర్లండ్‌లోని విక్లో కొండల మీదున్న ఓ రోడ్డుకు మాత్రం ఇవేవీ కారణం కాదు. అడవుల్లో, లోయల్లో దాక్కున్న కొద్దిమంది తిరుగుబాటుదారుల్ని పట్టుకోవడానికి 200 ఏళ్ల కిందట సైన్యం వేసిన దారి అది. పేరూ అదే... మిలటరీ రోడ్డు! ఒకప్పుడు తుపాకులు మోసుకుంటూ సైనికులు నడిచిన ఆ బాటలోనే ఇప్పుడు ఆదివారం వచ్చిందంటే చాలు, సైకిళ్లు బారులు తీరతాయి.

ఒక్కడి కోసం...

1798లో ఐర్లండ్ బ్రిటిష్ పాలన మీద తిరగబడింది. వేలమంది ప్రాణాలు పోయాయి. వేసవి ముగిసేసరికి తిరుగుబాటు అణగిపోయింది. కానీ విక్లో కొండల్లో మాత్రం మైఖేల్ డ్వయర్ అనే రైతుబిడ్డ లొంగలేదు. పగలు కొండల్లో, రాత్రి ఏదో ఒక ఇంట్లో తలదాచుకుంటూ ఐదేళ్లు సైన్యాన్ని ముప్పుతిప్పలు పెట్టాడు. 1799 ఫిబ్రవరిలో డెరినమక్ అనే చోట ఓ పూరింట్లో అతణ్ని చుట్టుముట్టారు. అప్పటికే గాయపడిన శామ్ మెక్‌అలిస్టర్ అనే సహచరుడు తానే గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. తూటాలన్నీ అతనికే తగిలాయి. సైనికులు తుపాకుల్లో మళ్లీ మందు కూరుకునేలోగా డ్వయర్ మంచులో పరుగెత్తి తప్పించుకున్నాడు. ఆ ఇంటిని ఇప్పటికీ స్మారకంగా కాపాడుతున్నారు.

ఇలా అయితే లాభం లేదని 1800లో రోడ్డు పని మొదలెట్టారు. అలెగ్జాండర్ టేలర్ అనే ఇంజినీరు పర్యవేక్షణలో సైనికులే రాళ్లు కొట్టి, బురదనేల మీద పరిచారు. డబ్లిన్ పక్కనున్న రాత్‌ఫార్నమ్ నుంచి దక్షిణాన అహవన్నా వరకూ సుమారు 60 కిలోమీటర్లు. దారి వెంట అక్కడక్కడా సైనిక శిబిరాలు. అంతా పూర్తయ్యేసరికి 1809 వచ్చింది. తమాషా ఏమిటంటే, డ్వయర్ 1803 డిసెంబరులోనే లొంగిపోయాడు. 1805లో అతణ్ని ఆస్ట్రేలియాకు పంపేశారు. ఎక్కించిన ఓడ పేరు ‘టెల్లిచెరి’. మన కేరళలోని తలశ్శేరికి తెల్లవాళ్లు పెట్టుకున్న పేరే అది! సముద్రాలు దాటించిన ఆ తిరుగుబాటుదారు కొన్నాళ్లకు అక్కడే పోలీసు ఉద్యోగి కావడం మరో విచిత్రం.

ఊరు తగలని రోడ్డు

మామూలు రోడ్డు ఊరూరా ఆగుతూ లోయల వెంట వెళ్తుంది. దీన్ని వేసింది జనం కోసం కాదు, నిఘా కోసం. అందుకే కొండల భుజాల మీదుగా, ఎవరూ ఉండని చోట సాగుతుంది. సైకిల్ తొక్కేవాళ్లకు ఇది ఇంతగా నచ్చడానికి కారణం అదే. గ్లెన్‌క్రీ దాటాక లారా వచ్చేవరకూ దారిలో టీ కొట్టుండదు, పెట్రోలు బంకుండదు. గొర్రెలు మాత్రం నడిరోడ్డు మీద తీరిగ్గా కూర్చుని ఉంటాయి. వాటికి మనమే దారివ్వాలి.

రాత్‌ఫార్నమ్ దాటగానే ఎక్కుడు మొదలవుతుంది. కిలకీ మలుపు దగ్గర ఆగి వెనక్కి తిరిగితే డబ్లిన్ నగరం, దాని వెనక సముద్రం ఒక్క చూపులో కనబడతాయి. అక్కణ్నుంచి గ్లెన్‌క్రీ. ఇక్కడి శిబిరం కథ ఓ నవలకు సరిపోతుంది. సైనికులు వెళ్లిపోయాక 1858లో తప్పుచేసిన పిల్లల్ని ఉంచే బడి అయింది. 1940 దాకా అలాగే నడిచింది. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక జర్మనీ నుంచి తీసుకొచ్చిన పిల్లలకు రెడ్‌క్రాస్ ఇక్కడే ఆశ్రయమిచ్చింది. ఉత్తర ఐర్లండ్ బాంబులతో దద్దరిల్లుతున్న రోజుల్లో, 1974లో ఇది శాంతి, సయోధ్యల కేంద్రంగా మారింది. పక్కనే లోయలో జర్మన్ సైనికుల శ్మశానం. 134 సమాధులు. వాగు చప్పుడు తప్ప మరో శబ్దం ఉండదు.

ఇంకాస్త పైకెళ్తే శాలీ గ్యాప్. సుమారు 500 మీటర్ల ఎత్తులో నాలుగు దారులు కలిసే కూడలి. తిరుమల కొండతో పోలిస్తే ఎత్తు తక్కువే. కానీ అడ్డంగా ఒక్క చెట్టూ లేకపోవడంతో గాలి మొహాన కొడుతుంది. చుట్టూ నల్లటి పీట్ నేల. వేల ఏళ్లపాటు నాచు, గడ్డి నీళ్లలో సగం కుళ్లి పేరుకున్న పొరలవి. ముక్కలుగా కోసి ఎండబెడితే మన పిడకల్లా మండుతాయి. తరతరాలుగా ఐరిష్ ఇళ్లలో పొయ్యి వెలిగించింది ఇవే. డబ్లిన్ నడిమధ్య నుంచి పారే లిఫీ నది కూడా ఇక్కడికి దగ్గర్లోనే ఓ చిన్న తడిగా పుడుతుంది. ఎడమకు తిరిగితే కొండచరియ కింద లాక్ టే సరస్సు. నీళ్లు నల్లగా, ఒక కొసన తెల్లటి ఇసుక. గిన్నెస్ బీరు కంపెనీ కుటుంబం ఆ ఇసుకను తెప్పించి పోయించింది. దాంతో ఆ సరస్సు అచ్చం నురగ తేలిన నల్లబీరు గ్లాసులా ఉంటుంది. ‘వైకింగ్స్’ సీరియల్‌లో కనిపించే పల్లె సెట్టు వేసింది ఈ ఒడ్డునే.

రెండు సరస్సుల లోయ

శాలీ గ్యాప్ నుంచి తిన్నగా వెళ్తే గ్లెన్‌మక్నాస్ జలపాతం పక్క నుంచి దిగుడు. బ్రేకులు బాగుంటేనే ఈ ఆనందం! కింద లారా గ్రామం, దానికి కూతవేటు దూరంలో గ్లెండలాక్. ఐరిష్ భాషలో ఆ పేరుకు రెండు సరస్సుల లోయ అని అర్థం. ఆరో శతాబ్దంలో కెవిన్ అనే సన్యాసి ఇక్కడ మఠం స్థాపించాడు. అతను చేతులు చాచి ప్రార్థన చేస్తుండగా అరచేతిలో ఓ పక్షి గుడ్లు పెట్టిందనీ, పిల్లలయ్యేదాకా చెయ్యి కదపలేదనీ చెబుతారు. పుట్టలు పెరిగినా కదలని మన మునుల కథల్లాంటిదే.

సుమారు వెయ్యేళ్ల నాటి రాతి గోపురం ఇక్కడ ఇంకా నిలిచే ఉంది. ఎత్తు 30 మీటర్లు. వాకిలి మాత్రం నేలకు మూడున్నర మీటర్ల పైన! నిచ్చెన వేసుకుని ఎక్కాల్సిందే. 1398లో ఇంగ్లిష్ సేనలు మఠాన్ని ధ్వంసం చేశాయి. గోపురం మిగిలింది.

పసుపు జెర్సీ వీరుడు

లారా నుంచి మిలటరీ రోడ్డు మళ్లీ కొండెక్కుతుంది. ఆ ఎక్కుడు చివర ఓ స్మారక శిల దగ్గర సైకిళ్లు తప్పనిసరిగా ఆగుతాయి. అది షే ఎలియట్‌ది. ప్రపంచంలోకెల్లా పెద్ద సైకిల్ పందెం టూర్ డి ఫ్రాన్స్‌లో అందరికంటే ముందున్నవాడు పసుపు జెర్సీ వేసుకుంటాడు. 1963లో దాన్ని ధరించిన తొలి ఐరిష్ వీరుడు ఎలియట్. 1971లో 36 ఏళ్లకే చనిపోయాడు. ఆ తర్వాత 1987లో స్టీఫెన్ రోచ్ ఏకంగా టూర్‌నే గెలిచాడు. 1998లో టూర్ డి ఫ్రాన్స్ డబ్లిన్‌లోనే మొదలై ఈ కొండల మీదుగా సాగింది. తిరుగుబాటుకు సరిగ్గా 200 ఏళ్లు నిండిన సంవత్సరమది.

అసలు సైకిలుకు హాయిగా తిరిగే చక్రాన్నిచ్చిందీ ఈ ద్వీపమే. డన్‌లప్ టైర్ల పేరు మనకు కొత్త కాదుగా? బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడిగా ఉన్న జాన్ బాయిడ్ డన్‌లప్, తన కొడుకు మూడు చక్రాల బండి రాళ్లమీద ఎగిరెగిరి పడుతోందని గాలి నింపిన రబ్బరు గొట్టం చుట్టాడు. 1888లో పేటెంటు తీసుకున్నాడు. మరుసటి ఏడాదే ఆ టైర్లతో పందేలు గెలవడం మొదలైంది.

స్మారకం దాటి దిగితే గ్లెన్‌మలూర్ లోయ. 1580లో ఫియాక్ ఓబర్న్ అనే స్థానిక నాయకుడు ఇంగ్లిష్ సైన్యాన్ని ఓడించింది ఇక్కడే. పాత శిబిరం మొండిగోడలు దారి పక్కనే ఉంటాయి. మరో కొండ ఎక్కి దిగితే అహవన్నా, రోడ్డు ఆఖరు. ఇక్కడి శిబిరాన్ని తర్వాతి కాలంలో వేట విడిదిగా వాడుకున్నది ఎవరనుకున్నారు? ఐర్లండ్‌కు స్వపరిపాలన కావాలని బ్రిటిష్ పార్లమెంటులో పోరాడిన పార్నెల్! తిరుగుబాటును అణచడానికి కట్టిన గోడలే ఆయనకు నీడనిచ్చాయి. ఇదే ఐర్లండ్‌లో చదువుకుంటూ స్వాతంత్ర్య పోరాటగాలి సోకి 1916లో వెనక్కి రావాల్సి వచ్చిన మన తెలుగువాడు వి.వి.గిరి, ఆ తర్వాత రాష్ట్రపతి అయ్యాడు.

వచ్చేదారి వేరే

తిరిగి డబ్లిన్ చేరడానికి వచ్చిన దారే పట్టక్కర్లేదు. అహవన్నా దాకా వెళ్లకుండా గ్లెండలాక్ నుంచే పడమటికి తిరిగితే విక్లో గ్యాప్ మీదుగా మరో రోడ్డుంది. పూర్వం యాత్రికులు గ్లెండలాక్‌కు నడిచొచ్చిన బాట దీని పక్కనే సాగుతుంది. పైన టర్లో హిల్ విద్యుత్ కేంద్రం. రాత్రి కరెంటు మిగిలినప్పుడు నీళ్లను కొండపైకి తోడి, అవసరమైనప్పుడు కిందికి వదిలి 292 మెగావాట్లు తీస్తారు. మన శ్రీశైలం ఎడమగట్టులోనూ ఇదే సూత్రం. కొండ దిగితే హాలీవుడ్ అనే చిన్న పల్లె, ఆ తర్వాత బ్లెసింగ్టన్ జలాశయం. 1940లో లిఫీకి ఆనకట్ట కట్టి నింపినప్పుడు పొలాలూ ఇళ్లూ నీళ్లలో కలిసిపోయాయి. శ్రీశైలం ముంపు ఊళ్ల కథ తెలిసినవాళ్లకు ఆ నీళ్లు వేరేగా కనిపిస్తాయి. అక్కణ్నుంచి డబ్లిన్. మొత్తం 100 కి.మీ. దాటుతుంది. అలవాటు లేనివాళ్లు గ్లెండలాక్‌లో రాత్రి బస చేసి రెండురోజుల్లో తిరగడం మేలు.

చదువులకో ఉద్యోగాలకో డబ్లిన్ వెళ్లిన మన పిల్లలకు ఓ సౌకర్యం... అక్కడా మనలాగే ఎడమవైపు ప్రయాణమే. మే నుంచి సెప్టెంబరు దాకా అనువైన కాలం. జూన్‌లో రాత్రి పది దాకా వెలుగుంటుంది. కింద ఎండ కాస్తున్నా పైన వాన పడొచ్చు కాబట్టి రెయిన్‌కోటు, తినడానికేమైనా, పంక్చరు సామాను దగ్గరుండాలి. కాళ్లలో సత్తా ఉందనుకునేవాళ్ల కోసం 1982 నుంచి ‘విక్లో 200’ అనే కార్యక్రమం జరుగుతోంది. ఒక్కరోజులో 200 కి.మీ. తొక్కాలి. పందెం కాదు, పూర్తిచేయడమే గెలుపు.

తొమ్మిదేళ్లు కష్టపడి వేసిన ఆ రోడ్డు డ్వయర్‌ను పట్టుకోలేకపోయింది. ఒక్కసారి దానిమీద సైకిల్ తొక్కినవాళ్లను మాత్రం ఇప్పటికీ వదలడంలేదు.