ఎర ఎంచుకునే ముందు

మా చిన్నోడికి ఈ వానకాలం గాలం పిచ్చి పట్టింది. ఆన్‌లైన్‌లో రబ్బరు కప్పలు, రంగురంగుల ప్లాస్టిక్ చేపపిల్లలు డబ్బా నిండా తెప్పించాడు. మూడు ఆదివారాలు హసన్‌పర్తి చెరువు కట్ట మీద కూర్చుని ఒట్టి చేతులతో వచ్చాడు. "అమ్మా, ఇంకే రంగు కప్ప కొనాలంటవ్?" అన్నాడు.

"రంగు సంగతి తర్వాత, ముందు ఏ చేప కావాలో చెప్పు" అన్నాను. మా బాపు అదే చూసేవాడు. బంగారు తీగకైతే గోధుమపిండి ముద్ద, ఎందుకంటే అది అడుగున బురద కెలుక్కుని తింటుంది. జెల్లలకు ఎర్రలు. పరకల నోరు చిన్నది కాబట్టి గాలమూ చిన్నదే, ఎరా చిన్నదే. కొర్రమట్ట వేటాడే చేప, దానికి కదిలే కప్పో చేపపిల్లో కావాలి. మన వంట కూడా అంతే కదా, తినేవాళ్ళ నోరు తెలిసి వండాలి.

డాలస్‌లో ఉండే మా తమ్ముడు గాలానికి ఈకలు, దారం చుట్టి పురుగుల్లా తయారుచేస్తాడు. వాటిని ఫ్లై అంటారట. బాస్ చేపకు నీటి మీద టపటపమని చప్పుడు చేసే పెద్ద కప్ప బొమ్మ, చిన్న నోటి బ్లూగిల్‌కు చిన్న పురుగు బొమ్మ. దేశం మారినా లెక్క ఒకటే.

పోయిన ఆదివారం మావాడు పరుగున వచ్చాడు. "గడ్డి పక్కన ఎర్రటి పిల్లల గుంపు తేలుతోందమ్మా. మధ్యలో కప్ప వేస్తే పెద్దది దూకుతదట, వీడియోలో చూసిన!"

దూకుతుంది, నిజమే. అప్పుడు దానికి ఉన్నది ఆకలి కాదు, పిల్లల మీదికి ఎవరో వచ్చారన్న కోపం. కొర్రమట్టలు పిల్లలు పెద్దయ్యేదాకా వెంట ఉండి కాస్తాయి. ఆ కాపలా చేపను లాగేస్తే మిగతా చేపలు, కొంగలు ఆ గుంపును మిగలనిస్తాయా? అమెరికాలో బాస్ చేపల్లో గూడు కాసేది తండ్రి. అందుకే కొన్ని రాష్ట్రాల్లో అవి గుడ్లు పెట్టే కాలంలో పట్టినా ఇంటికి తీసుకెళ్ళనివ్వరు, తిరిగి నీళ్ళలో వదిలేయాలి.

"మనం వదిలేస్తే ఇంకొకడు పడతాడు" అన్నారు మా ఆయన. పట్టనివ్వండి. 2016లో మనం కొర్రమీనును రాష్ట్ర చేప అని ప్రకటించుకున్నాం. పిల్లల మీది ప్రేమనే ఎరగా వాడి దాన్ని పడితే, వచ్చే ఏడు చెరువులో ఏం మిగులుతుంది? ఏ ఎరకు చేప పడుతుందో తెలుసుకోవడం ఎంత ముఖ్యమో, ఎప్పుడు వేయకూడదో తెలియడమూ అంతే ముఖ్యం.

"ఆ చేప తెస్తే నేను వండను" అని తేల్చి చెప్పాను. వాడు మూతి ముడుచుకుని కప్పను డబ్బాలో పడేశాడు. ఆ పూట మా ఇంట్లో పప్పుచారే. మీ ఇంట్లోనూ గాలం పట్టే పిల్లలుంటే ఈ ఒక్క మాట చెవిన వేయండి.