టవరు నీడలో వేదన

సెల్ టవరు వెలసిన నాటి నుండి తల బరువెక్కుతున్నదని, నిద్ర పట్టడం లేదని, ఒళ్ళు మంటలెత్తుతున్నదని చెప్పేవారు లోకమంతటా ఉన్నారు. చలిదేశమైన స్వీడన్‌లోనూ ఉన్నారు. కొబ్బరితోటల మీదుగా టవర్లు తలలెత్తిన మన కోనసీమలోనూ ఇట్టి మాట వినబడుతుంది. వీరిని చూచి నవ్వేవారు కొందరు, వీరి భయాన్ని పెంచి పోషించేవారు మరికొందరు. ఇరువురూ వీరికి అపకారమే చేస్తున్నారని నా అభిప్రాయం.

ఈ బాధను పరీక్షించడానికి చక్కని పద్ధతి ఒకటి ఉంది. తరంగాలను వెలువరించే పరికరాన్ని గదిలో ఉంచి, ఒకమారు పనిచేయిస్తారు, మరొకమారు ఆపివేస్తారు. అది ఎప్పుడు పనిచేస్తున్నదో కూర్చున్నవారికీ తెలియదు, పరీక్షించేవారికీ తెలియదు. ఇటువంటి 31 ప్రయోగాలను, వాటిలో పాల్గొన్న 725 మంది అనుభవాలను లండన్ కింగ్స్ కళాశాల పరిశోధకులు సమీక్షించి 2005లో ప్రకటించారు. తరంగాల ఉనికిని వీరు పసిగట్టగలరనడానికి గట్టి ఆధారం దొరకలేదు. పరికరం ఆగి ఉన్నా, పనిచేస్తున్నదని నమ్మినవారికి తలనొప్పి వచ్చిన సందర్భాలున్నాయి. ఆ ఏడాది డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడ ఈ లక్షణాలు నిజమైనవేనని, అయితే విద్యుదయస్కాంత క్షేత్రాలే వాటికి కారణమనడానికి ఆధారం లేదని తెలిపింది.

మన వేదాంతులు రజ్జుసర్పభ్రాంతిని గూర్చి చెబుతారు. చీకటిలో తాడును చూచి పామనుకొన్నవానిని తాడు కరవదు. కాని అతని గుండెదడ అబద్ధమా? పట్టిన చెమట అబద్ధమా? దీపం తెచ్చి తాడును చూపినవాడే అతనికి ఆప్తుడు గాని, పిరికివాడని గేలి చేసినవాడు కాడు.

కాకతాళీయమన్న మాటనూ ఇక్కడ తలచుకోవాలి. కాకి వాలిన క్షణానే తాటిపండు రాలితే, కాకియే రాల్చిందనుకొంటాము. టవరు నిలిచిన ఏడే కొబ్బరి కాపు తగ్గితే నేరం టవరుపైకి నెట్టేవారున్నారు. ఆకుల అడుగున చేరి రసం పీల్చే సర్పిలాకార తెల్లదోమను మాత్రం వారు చూడరు. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం వారు ఆ దోమను చూచారు కనుకనే దాని సహజశత్రువులను పెంచగలిగారు. తలనొప్పి సంగతీ అంతే. టవరును నిందించి ఊరకుంటే రక్తపోటు, రక్తహీనత, చూపులోపం, మనసును తొలిచే దిగులు వైద్యుని కంటపడకుండా ముదిరిపోతాయి. అసలు ప్రమాదం ఇదే.

అట్లని కోనసీమవాసుల అనుమానాన్ని అజ్ఞానమని కొట్టివేయడం న్యాయం కాదు. 1995 జనవరిలో పాశర్లపూడి బావి నుండి ఎగసిన మంట రెండు నెలలకు పైగా ఆరలేదు. 2014 జూన్ 27 వేకువన నగరం గ్రామంలో గ్యాసు గొట్టం పేలి ఇరవై మందికి పైగా అసువులు బాసారు. ఇన్ని చూచిన జనానికి ‘భయం లేదు’ అన్న మాట చాలదు, కొలత చూపాలి.

ఆ కొలత అసాధ్యమేమీ కాదు. టవర్ల తరంగ తీవ్రత అంతర్జాతీయ పరిమితిలో పదోవంతుకు మించరాదని భారత ప్రభుత్వం 2012 సెప్టెంబరు 1 నుండి కట్టడి చేసింది. కోరినచోట ఆ తీవ్రతను కొలిపించుకొనే ఏర్పాటును టెలికాం శాఖ 2017లో ‘తరంగ్ సంచార్’ పేరిట కల్పించింది. దానికి నిర్ణయించిన రుసుము 4,000 రూపాయలు! కొబ్బరి దింపు కార్మికుడు అంత సొమ్ము ఎక్కడ తేగలడు? పంచాయతీయే దానిని చెల్లించి, వచ్చిన ఫలితాన్ని గ్రామసభలో తేటతెలుగున చదివి వినిపించాలి. హద్దు మీరితే టవరు సంస్థను నిలదీయాలి. మీరకపోతే, బాధపడేవారిని ఇంటికి పంపివేయక ఆసుపత్రికి తోడ్కొనిపోవాలి. అక్కడ వైద్యుడు టవరు మాట చెవిని పడగానే పెదవి విరువక, ఆ నొప్పి ఏ వేళ వస్తున్నదో, రాత్రి ఎన్ని గంటలు నిద్ర పడుతున్నదో ఓపికగా అడగాలి.