స్కాన్ చేస్తే ఏం కనబడాలి?

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లు దిగి బస్టాపు దాకా నడిస్తే చాలు, చేతిలో రెండు రకాల కాగితాలు పడతాయి. ఒకటి కోచింగ్ సెంటర్‌ది, ఇంకోటి ప్లాట్లది. కోచింగ్ కాగితం పెద్దగా మారలేదు. అవే ర్యాంకులు, అవే ఫొటోలు. ప్లాట్ల కాగితం మాత్రం మారింది. ఇదివరకు దాని నిండా ఫోన్ నంబర్లు ఉండేవి. ఇప్పుడు మధ్యలో ఒక క్యూఆర్ కోడ్, కింద "స్కాన్ చేయండి, సైట్ చూడండి" అని ఒక ముక్క.

ఎల్‌బీ నగర్ చౌరస్తాలో ఈ కాగితాలు ఇంకా ఎక్కువ. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం, విజయవాడ వైపు నుంచి వచ్చే బస్సుల్లో చాలామంది దిగేది అక్కడే కదా. అటు విజయవాడ హైవే, ఇటు సాగర్ రోడ్డు, రెండింటి పొడవునా వెంచర్లే. ఊళ్లో ఏదో అమ్మిన డబ్బుతోనో, రిటైర్మెంట్ డబ్బుతోనో పట్నం పక్కన నూటయాభై గజాలు కొనుక్కోవాలి అనుకునేవాళ్లు ఆ చౌరస్తా దాటే లోపలికి రావాలి. అమ్మేవాళ్లకు ఆ సంగతి బాగా తెలుసు.

అలా దిగినవాళ్లలో మా మామయ్య ఒకడు. పోయినేడు నన్ను చూడటానికి హాస్టల్‌కి వస్తూ ఒక కాగితం మడిచి జేబులో పెట్టుకొచ్చాడు. "అల్లుడా, గిది స్కాన్ కొడితే మంచిగ వీడియో వస్తుందిరా, సూడు" అన్నాడు. చూశాను. డ్రోన్ వీడియో, నల్లటి తారు రోడ్లు, వరసగా కొబ్బరి మొక్కలు, ఎక్కడో దూరంగా ఓఆర్‌ఆర్. వీడియో కంటే ముందు ఒక ఫారం. పేరు, ఫోన్ నంబరు, బడ్జెట్ ఎంత. సర్వే నంబరు లేదు. హెచ్‌ఎండీఏ అనుమతి నంబరు లేదు. రెరా నంబరు లేదు.

"మామా, పైసలేమన్న ఇచ్చినవా?" అని అడిగాను.

"టోకెన్ ఇరవై ఐదు వేలు కొట్టిన. ఇయ్యాల్టి దాకనే ప్రీ లాంచ్ రేటు అన్నరు."

అది కొట్టింది కూడా ఇంకో కోడ్ స్కాన్ చేసే. ఫోన్‌లో చూస్తే డబ్బు వెళ్లింది కంపెనీ పేరు మీదికి కాదు, ఎవరో ఒక మనిషి పేరు మీదికి. రెరా నంబరు అడిగితే "అప్లై చేసినం, వస్తది" అన్నారు. ఆ టోకెన్ వెనక్కి రావడానికి నాలుగు నెలలు, ఆరు ట్రిప్పులు పట్టింది. వచ్చింది కూడా ఇరవై వేలే. మిగతాది "ప్రాసెసింగ్" అట.

మామయ్య మోసపోయాడు అని తేల్చేసి ఊరుకోవచ్చు. నేను ఊరుకోలేకపోవడానికి ఒక కారణం ఉంది. అంతకు ఏడాది ముందు అలాంటి పేజీ ఒకటి నేనే చేశాను. వేరే వెంచర్‌కి, మూడు వేల రూపాయలకి. "ఫారం ముందు రావాలి, నంబరు ఇస్తేనే బ్రోచర్ ఓపెన్ అవ్వాలి" అన్నారు. సరే అన్నాను. వాళ్ల అనుమతులు ఏంటని నేను అడగలేదు. ఏ కోడ్ నుంచి ఎంతమంది వచ్చారో తెలియడానికి, ఎల్‌బీ నగర్‌కి ఒక లింకు, దిల్‌సుఖ్‌నగర్‌కి ఒక లింకు విడివిడిగా పెట్టి మరీ ఇచ్చాను. అప్పుడు ఎంత గర్వపడ్డానో! ఇప్పుడు ఆలోచిస్తే, ఆ కోడ్ స్కాన్ చేస్తే కొనేవాడి గురించి అమ్మేవాడికి అన్నీ తెలుస్తాయి. స్థలం గురించి కొనేవాడికి తెలిసేది మాత్రం ఒక వీడియో.

ఇందులో టెక్నాలజీ తప్పేం లేదు. క్యూఆర్ కోడ్‌ని 1994లో జపాన్‌లో డెన్సో వాళ్లు తయారుచేసింది కార్ల విడిభాగాల లెక్క కోసం. పేటెంటు ఉన్నా దాన్ని అడ్డం పెట్టలేదు, అందుకే ప్రపంచమంతా ఉచితంగా వాడుకుంటోంది. మన సిలబస్‌లో కనిపించే రీడ్ సాలమన్ కోడింగే అందులోనూ ఉంది. ఎక్కువ స్థాయి ఎర్రర్ కరెక్షన్ పెడితే దాదాపు 30 శాతం చెరిగిపోయినా ఫోన్ చదివేస్తుంది. ఫ్లైఓవర్ పిల్లర్ మీద వానకు తడిసి, సగం చిరిగిన పోస్టర్ కూడా పనిచేసేది అందుకే. కానీ ఆ దిద్దుబాటు కోడ్‌లో ఉన్న అక్షరాలకే. అవి తీసుకెళ్లే పేజీలో అబద్ధం ఉంటే ఫోన్ దాన్ని కూడా అంతే శుభ్రంగా చూపిస్తుంది. పైగా డైనమిక్ కోడ్ అయితే మధ్యలో ఒక రీడైరెక్ట్ ఉంటుంది. పోస్టర్ ముద్రించి, అంటించేశాక కూడా అది ఎక్కడికి వెళ్లాలో మార్చేయొచ్చు. పోయిన నెల మామయ్య చూసిన పేజీ ఈ నెల ఉండకపోవచ్చు. పాత కాగితమైతే కనీసం బీరువాలో సాక్ష్యంగా మిగిలేది.

మరి ఏం చేయాలి? కొత్తగా చట్టం చేయమని నేను అడగడం లేదు. ఉన్న చట్టంలోనే జవాబు ఉంది. 2016 రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో గానీ, ఎనిమిదికి మించిన ఫ్లాట్లతో గానీ వేసే ప్రాజెక్టుని రిజిస్టర్ చేయకుండా ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. అంటే "ప్రీ లాంచ్" అనే మాటే తప్పు. మీరితే ప్రాజెక్టు అంచనా ఖర్చులో 10 శాతం దాకా జరిమానా. ఏ మాధ్యమంలో ఏ రూపంలో చేసిన ప్రచారమైనా ఆ చట్టం లెక్కలో ప్రకటనే, కాబట్టి స్కాన్ చేస్తే వచ్చే పేజీ కూడా ప్రకటనే. ఇక 11వ సెక్షన్ ఇంకో మాట చెబుతుంది. ప్రతి ప్రకటనలో రిజిస్ట్రేషన్ నంబరు, రెరా అథారిటీ వెబ్‌సైట్ అడ్రసు స్పష్టంగా కనబడాలి.

వెబ్‌సైట్ అడ్రసుని ఫోన్ చదవగలిగేలా రాస్తే వచ్చేదే కదా క్యూఆర్ కోడ్? అంటే బోర్డు మీద ఉండాల్సిన మొదటి కోడ్ కంపెనీది కాదు, రెరా పేజీది. మహారాష్ట్రలో ఇది ఊహ కాదు. అక్కడి రెరా అథారిటీ 2023 ఆగస్టు 1 నుంచి ప్రకటనల్లో ప్రాజెక్టు కోడ్ తప్పనిసరి చేసింది. స్కాన్ చేస్తే ఆ ప్రాజెక్టు రిజిస్ట్రేషన్ వివరాలు వస్తాయి. మన ఎల్‌బీ నగర్ బోర్డు మీద కూడా రావాల్సింది అదే.

"రెరా పేజీ ఎవడు చదువుతాడు బ్రో, ఇంగ్లిష్‌లో పది డాక్యుమెంట్లు ఉంటాయి" అని మా రూమ్మేట్ అన్నాడు. నిజమే. మామయ్య కూడా చదవడు. కానీ పేజీ ఉందా లేదా అన్నది ఆయనకు ఒక్క చూపులో తెలుస్తుంది. లేదంటే జేబులోంచి ఫోన్ తీసి డబ్బు కొట్టే ముందు ఒక నిమిషం ఆగుతాడు. ఆ ఇరవై ఐదు వేలకి ఆ నిమిషం చాలు.

ఇంకో వైపు కూడా చెప్పాలి. కోడ్ మంచి పనులూ చేస్తోంది. దుబాయ్‌లో ఉన్నవాడు సెలవు పెట్టకుండా చైతన్యపురిలో ఫ్లాట్ చూడగలుగుతున్నాడు. టులెట్ బోర్డు మీద కోడ్ ఉంటే మనం నాలుగంతస్తులు ఎక్కి దిగే పని తప్పుతోంది. కమీషన్ ఏజెంట్లకి పెట్టే ఖర్చు లేక చిన్న బిల్డర్‌కి కూడా లాభమే. నేను వద్దంటోంది కోడ్‌ని కాదు, కొనేవాడి నంబరు గుంజుకున్నాకే వివరం చెప్పే పద్ధతిని.

ఇది చదివేవాళ్లలో వీకెండ్‌లో ఇలాంటి పేజీలు చేసేవాళ్లు ఉన్నారని నాకు తెలుసు. ఈసారి ఎవరైనా వెంచర్ పని ఇస్తే రెరా నంబరు అడగండి. దాన్ని తెలంగాణ రెరా వెబ్‌సైట్‌లో మీరే టైప్ చేసి చూడండి. లేకపోతే పని వదిలేయండి. ఉంటే ఆ నంబరు, సర్వే నంబరు, లేఅవుట్ అనుమతి పేజీ పైన తెలుగులో పెట్టి, ఫారం కిందికి తోసేయండి. మూడు వేలు పోతే ఇంకో పనిలో వస్తాయి.

ఇంటికి వెళ్లినప్పుడు అమ్మానాన్నలకి కూడా ఇంకో రెండు పనులు నేర్పండి. సర్వే నంబరు దొరికితే రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లో ఈసీ వెతకడం, యూపీఐలో డబ్బు కొట్టే ముందు స్క్రీన్ మీద వచ్చే పేరు చదవడం. మా మామయ్యకి నేర్పాను. మొన్న ఫోన్ చేసి, "అల్లుడా, ఇంకో కాగితం ఇచ్చిన్రు, నంబరుంది, జర సూసి చెప్పు" అన్నాడు. చూస్తే నంబరు నిజమే, కానీ అది వేరే వెంచర్‌ది. ఈసారి ఆయన ముందే అడిగాడు.