కొన్న పాట కొన్నవాళ్లదే

డబ్బు పెట్టి కొనుక్కున్న పాట, అమ్మినవాళ్ల అనుమతి అడగకుండా మన ఇంట్లో మోగాలి. ఇంత చిన్న మాటకు ఉద్యమం ఎందుకని అడిగేవాళ్లకు మా జవాబు: ఈ మాట మా విషయంలో చాలాసార్లు తప్పింది. అందుకే ఈ ప్రణాళిక.

మాలో ఒకావిడ 2006లో ఉద్యోగానికి అమెరికా వెళ్లి, నెలకు నాలుగైదు చొప్పున ఒక ఆన్‌లైన్ దుకాణంలో పాటలు కొనుక్కున్నారు. కొన్నేళ్లకు పాత కంప్యూటర్ పాడైతే ఫైళ్లన్నీ కొత్తదానిలోకి మార్చారు. ఫైళ్లు వచ్చాయి గానీ ఒక్క పాటా మోగలేదు. దుకాణం అప్పటికే ఎత్తేశారు. బిల్లులు మాత్రం ఆవిడ ఈమెయిల్‌లో ఇప్పటికీ ఉన్నాయి.

ఆ పాటలు మోగనిది వాటికి వేసిన తాళం వల్ల. ఇలా పాటలకు వేసే తాళాన్ని డీఆర్‌ఎం అంటారు. పాట ఫైలు మన దగ్గరే ఉంటుంది, అది తెరుచుకునే తాళంచెవి మాత్రం అమ్మినవాళ్ల సర్వర్ ఇవ్వాలి. మన కంప్యూటర్‌ను ఆ సర్వర్ గుర్తుపడితేనే పాట పలుకుతుంది. 2003 ఏప్రిల్‌లో యాపిల్ ఐట్యూన్స్ దుకాణం తెరిచి, పాట 99 సెంట్లకు అమ్మింది. ఆ పాటలకూ తాళం ఉండేది. ఎన్ని కంప్యూటర్లలో వినొచ్చన్న లెక్క తర్వాత కాస్త సడలించినా, ఐదు దాటితే పాట పలికేది కాదు. పాటను సీడీ మీదికి ఎక్కించి, మళ్లీ కంప్యూటర్‌లోకి దించుకుంటే తాళం పోయేది. కానీ అప్పటికే కుదించిన పాటను మరోసారి కుదించడం జిరాక్స్ కాగితానికి మళ్లీ జిరాక్స్ తీయడం లాంటిది. కంచు తాళాల సవ్వడి, తంబురా శ్రుతి, గొంతు చివరి గాలి, ఇలాంటి సన్నని ధ్వనులే ముందుగా దెబ్బతింటాయి.

2008లో మైక్రోసాఫ్ట్ తన ఎంఎస్‌ఎన్ మ్యూజిక్ పాటల తాళంచెవులు ఇక ఇవ్వబోమని ప్రకటించింది. కొన్నవాళ్లు గట్టిగా అడ్డుపడితే 2011 చివరిదాకా గడువు పెంచింది. 2008లోనే యాహూ కూడా తన పాటల దుకాణం సర్వర్లు ఆపేస్తున్నామని చెప్పి, గొడవయ్యాక కొనుగోలుదారులకు పరిహారం ఇస్తామంది. అడిగినవాళ్లుంటే కంపెనీలు దిగివస్తాయని మాకు నమ్మకం కుదిరింది ఇక్కడే. అంతకుముందు 2005లో సోనీ బీఎంజీ మరీ దారుణానికి ఒడిగట్టింది. కాపీ కాకుండా ఆపడానికని, సీడీ పెట్టినవాళ్ల కంప్యూటర్‌లోకి వాళ్లకు తెలియకుండా దొంగచాటు సాఫ్ట్‌వేర్ ఎక్కించింది. దొంగ కాపీ విన్నవాడి కంప్యూటర్‌కు ఏమీ కాలేదు. దుకాణానికి వెళ్లి సీడీ కొన్నవాడి కంప్యూటరే చెడింది. నిజాయితీగా కొన్నవాళ్లను శిక్షించే ఏ ఏర్పాటునూ మేము ఒప్పుకోం.

తాళాలు లేకపోతే వ్యాపారం నడవదన్న వాదన కూడా నిలవలేదు. 2007లో ఈఎంఐ అనే సంగీత సంస్థ తన పాటలకు తాళాలు తీసేసింది. 2009 జనవరిలో ఐట్యూన్స్ కూడా పాటలన్నిటికీ తీసేస్తానంది. 2010 ఫిబ్రవరికి అక్కడ అమ్ముడైన పాటలు 1000 కోట్లకు చేరాయి.

మన దేశంలో 2012లో ఫ్లిప్‌కార్ట్ ఫ్లైట్ అనే పాటల దుకాణం పెట్టింది. తాళం లేని ఎంపీ3లు అమ్మింది. 2013లో మూసేసింది. అయినా అప్పుడు దించుకుని దాచుకున్నవాళ్ల పాటలు ఇవాళ కూడా మోగుతాయి. దుకాణం పోయినా పాట మిగలడమంటే ఇదే. ఇప్పుడు మన చేతుల్లో ఉన్నవి స్ట్రీమింగ్ యాప్‌లు. వాటి మీద మాకు ద్వేషం లేదు, మేమూ వింటాం. అద్దెకు తీసుకున్నామని తెలిసి అద్దె కట్టడంలో తప్పు లేదు. కానీ యాప్‌లో ‘డౌన్‌లోడ్’ అని ఉన్నది డౌన్‌లోడ్ కాదు. చందా ఆగిన రోజు అది పలకదు. 2024లో రెస్సో మన దేశంలో మూతబడింది. వింక్‌ను మూసేస్తున్నామని ఎయిర్‌టెల్ అదే ఏడాది ప్రకటించింది. ఏళ్ల తరబడి అక్కడ పాటలు ఏరి పేర్చుకున్నవాళ్లు మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలి.

మా మొదటి కోరిక మాట గురించి. అమ్మేది అద్దె అయితే బటన్ మీద ‘అద్దె’ అని రాయండి. ‘కొనండి’ అని రాస్తే అమ్మండి. కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి ఇలాంటి చట్టమే అమల్లో ఉంది: కొన్నవాళ్లకు దక్కేది లైసెన్సు మాత్రమే అయితే ఆ సంగతి స్పష్టంగా చెప్పకుండా ‘కొనండి’ అనే మాట వాడకూడదు. మన వినియోగదారుల చట్టాల్లోకీ అది రావాలి.

అమ్మే పాటను ఎంపీ3 రూపంలోనూ, నాణ్యత తగ్గని ఫ్లాక్ రూపంలోనూ ఇవ్వాలి. ఫ్లాక్ మొదటినుంచీ స్వేచ్ఛగా వాడుకోగలిగినదే. ఎంపీ3 లైసెన్సుల గొడవ కూడా 2017తో ముగిసింది. ఏ కంపెనీ ఫోనులోనైనా, కారులోనైనా, తాతగారి పాత ప్లేయర్‌లోనైనా ఆడాలంటే ఇవే దారి. దుకాణం మూసేయాల్సి వస్తే ముందుగా చెప్పాలి, తాళాలు తీసేసి మరీ వెళ్లాలి.

ఇంకొక కోరిక తెలుగువాళ్లుగా మాది. ఫైలు తెరిస్తే హీరో పేరు, సినిమా పేరు ఉంటాయి. రాసినవారి పేరు వెతికినా దొరకదు. పాడినవారి పేరు చాలాసార్లు తప్పు. పాట మొదటి మాట ఇంగ్లిష్ అక్షరాల్లో ఒక్కో చోట ఒక్కో రకంగా ఉంటుంది కాబట్టి వెతికితే చిక్కదు. రచయిత, స్వరకర్త, గాయకులు, విడుదలైన ఏడు, ఇవన్నీ తెలుగు లిపిలో ఫైలులోనే ఉండాలి. ఇందుకు కొత్త సాంకేతికత అక్కర్లేదు, శ్రద్ధ చాలు. కవి పేరు చెరిపేసి కవి పాట అమ్మడం మాకు బాధగా ఉంది.

చట్టం మనకు పూర్తిగా అడ్డేమీ కాదు. 2012లో కాపీరైటు చట్టానికి చేర్చిన 65ఎ సెక్షన్, హక్కులను దెబ్బతీసే ఉద్దేశంతో తాళం పగలగొడితే శిక్ష అంటుంది. చట్టం నిషేధించని పనికి మాత్రం అడ్డు రాదు. సొంత వాడకానికి న్యాయమైన మేర వాడుకోవచ్చని 52వ సెక్షన్ చెబుతోంది. కొన్న పాటను సొంత ఫోనులోకి మార్చుకోవడం నేరం కాదని ప్రభుత్వం మామూలు మనిషికి అర్థమయ్యేలా ప్రకటించాలి.

ఇక మా వంతు. మా ఊళ్లలో రికార్డింగ్ సెంటర్లుండేవి. చీటీ మీద పాటల పేర్లు రాసిచ్చి, ఖాళీ క్యాసెట్ ఇస్తే సాయంత్రానికి నింపి ఇచ్చేవారు. మాలో సగంమంది చెవులు అక్కడే తెరుచుకున్నాయి. ఆ క్యాసెట్ల మీద రాసినవాళ్లకూ పాడినవాళ్లకూ పైసా వెళ్లలేదన్నదీ నిజమే. ఆ దారిలోకి మేము తిరిగి వెళ్లం. దొంగ సైట్ల పాట ముట్టుకోం. కొన్న పాటను వాట్సాప్ గుంపుల్లో పంచం. బ్యాండ్‌క్యాంప్ లాంటి, తాళం లేకుండా అమ్మే చోట తెలుగు పాట దొరికితే ముందు అక్కడే కొంటాం. అక్కడ డిజిటల్ అమ్మకంలో ఎక్కువ భాగం కళాకారులకే చేరుతుంది.

మాతో చేరదలచినవాళ్లు సంతకం పెట్టేముందు ఒక పని చేయాలి. మీరు డబ్బిచ్చి కొన్నానని నమ్ముతున్న పది పాటలు ఎంచుకోండి. ఫోనులో ఇంటర్నెట్ ఆపేయండి. వాటిని వేరొక కంపెనీ పరికరంలోకి మార్చి వినడానికి ప్రయత్నించండి. ఎన్ని మోగాయో, ఎన్ని మోగలేదో, ఎప్పుడు ఎంతకు కొన్నారో కాగితం మీద రాసి, బిల్లులతో సహా తీసుకురండి. కంపెనీల ముందూ ప్రభుత్వం ముందూ మేము పెట్టబోయే మొదటి అర్జీకి ఆ కాగితాలే జతపరుస్తాం.